రెక్క తెగిన గద్దకు ఏది దయ?

సంక్రాంతి మూడు రోజులూ హైదరాబాద్ ఆకాశం పతంగులది. తెల్లారకముందే పిల్లలూ పెద్దలూ మిద్దెలెక్కేస్తారు. పేంచ్ పడిందంటే ఈలలు, కేకలు! తెగిన పతంగి ఏ వీధిలోనో పడుతుంది, ఎవరో పిల్లాడు పరుగెత్తుకెళ్లి పట్టుకుంటాడు. దారం సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. అది వేపకొమ్మకో, సెల్ టవర్‌కో, కరెంటు తీగకో చుట్టుకుని అక్కడే ఉండిపోతుంది. కనుమ వెళ్లిపోతుంది, ముక్కనుమ వెళ్లిపోతుంది, బడులు తెరుస్తారు. దారానికి పండగ అయిపోయిందని తెలీదు కదా! మాఘమాసంలోనూ దానికి పక్షులు దొరుకుతూనే ఉంటాయి.

అలా చిక్కుకున్నవాటిని చూసి జాలిపడేవాళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు. నిచ్చెనలు తెచ్చి, గడకర్రలు కట్టి, ఒక్కోసారి ఫైరింజన్‌ను పిలిపించి మరీ కిందికి దించుతారు. చెప్పుల అట్టపెట్టెలో పెట్టుకుని, స్కూటర్ మీద ఒళ్లో పెట్టుకుని, పక్షులకు వైద్యం చేసే చోటు ఎక్కడుందో కనుక్కుంటూ వెళ్తారు. అక్కడ వాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే... 'బతుకుతుందా డాక్టర్‌గారూ?'

డాక్టర్ తనలో తాను వేసుకునే ప్రశ్న వేరు. 'ఎగురుతుందా?'

మొదటి ప్రశ్నకు అవుననీ రెండోదానికి కాదనీ జవాబొస్తే ఏం చెయ్యాలి? అడవి పక్షులకు వైద్యం చేసే ప్రతిచోటా, ఏ దేశంలోనైనా, ఎదురయ్యే చిక్కు ఇదే. కొన్ని దేశాల్లో దీనికి రాతపూర్వకమైన జవాబే ఉంది. కారుణ్య మరణం. నొప్పి తెలీకుండా మందిచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చడం. మన దగ్గర ఆ మాట పైకి అనడానికి నోరు రాదు. పక్షిని కాపాడమని తెచ్చినవాళ్ల ముందు అసలే రాదు.

దారం ఎక్కడ తెగ్గోస్తుందంటే...

మామూలు మాంజా అంటే నూలుదారానికి గాజుపొడి కలిపిన జిగురు పూసింది. గట్టిగా లాగితే తెగుతుంది. 'చైనా మాంజా' అని అందరూ పిలిచేది నైలాన్, ప్లాస్టిక్ జాతి దారం. పేరుకే చైనా, తయారయ్యేది చాలావరకు మన దేశంలోనే. అది తెగదు, ఎండకూ వానకూ చివకదు. జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017 జులైలో దేశమంతటా దీన్ని నిషేధించింది. అయినా ఏటా జనవరి రాగానే పోలీసులు దుకాణాల మీద దాడులు చేయడం, చుట్టలకు చుట్టలు పట్టుకోవడం మామూలైపోయింది. పట్టుబడుతోందంటే దొరుకుతోందనేగా అర్థం! 2024 జనవరిలో హైదరాబాద్‌లో ఫ్లైఓవర్ మీద బైక్‌పై వెళ్తున్న ఓ సైనికుడి మెడకు మాంజా చుట్టుకుని ప్రాణమే పోయింది. మనిషి కంఠాన్నే కోసేసే దారం, ఎముకల్లో గాలి నింపుకుని తిరిగే పిట్టను ఏం చేస్తుందో వేరే చెప్పాలా?

ఎగిరే పక్షి రెక్కను ముందుకు చాపి గాలిని కోసుకుంటూ వెళ్తుంది. కనుక దారం తగిలేది రెక్క ముందు అంచుకే. భుజానికీ మణికట్టుకీ మధ్య గొడుగు గుడ్డలా సాగే పల్చటి చర్మం ఒకటి ఉంటుంది. దాని అంచులోనే రెక్కను బిగించి పట్టే స్నాయువు ఉంటుంది. చర్మం ఒక్కటే చిరిగితే కుట్లు వేయొచ్చు. కొన్ని వారాల్లో పక్షి ఎగిరిపోతుంది. స్నాయువు తెగితే రెక్క సరిగ్గా విచ్చుకోదు. ఎముక దాకా దిగితే కథ మారిపోతుంది. చాలా పక్షుల్లో భుజపుటెముక లోపల డొల్లగా ఉండి ఊపిరి తిత్తులతో కలిసి ఉంటుంది. అక్కడ విరిగి బయటికి పొడుచుకొస్తే పుండులోని చీము శ్వాస దారిలోకే పోవచ్చు. ఇక చెట్టుకు వేలాడుతూ పక్షి ఒకరోజు గడిపిందంటే బయటపడ్డ ఎముక ఎండి చచ్చుబడిపోతుంది. చచ్చిన ఎముక అతకదు.

విశేషం ఏమిటంటే, చూడగానే కళ్లు తిప్పుకోవాలనిపించే గాయాలన్నీ ప్రాణం మీదికి రావు. పావురం గొంతు దగ్గర గింజలు దాచుకునే సంచి చిరిగిపోయి, తిన్న జొన్నలన్నీ బయటికి రాలుతుంటాయి. తెచ్చినవాళ్లు ఏడుస్తారు. డాక్టర్ మాత్రం స్థిమితంగా సూదీ దారం తీస్తాడు. రెండు పొరలుగా కుట్టేస్తే చాలావరకు అది కోలుకుని ఎగిరిపోతుంది. ఇంకో పెట్టెలో గద్ద నిటారుగా, కోపంగా చూస్తూ నిలబడి ఉంటుంది. రక్తం చుక్క కూడా ఉండదు. 'దీనికేం కాలేదు' అనుకుంటారు అందరూ. డాక్టర్ దాని రెక్క చాపి మోచేతి కీలు దగ్గర వేలు పెట్టి చూస్తాడు. కీలు పిండి పిండి అయిపోయి ఉంటుంది. పక్షుల ఎముకలు మన ఎముకల కన్నా త్వరగా, రెండు మూడు వారాల్లోనే అతుక్కుంటాయి. కీళ్లు మాత్రం బిగుసుకుపోతాయి. ముప్పావు వంతు విచ్చుకునే రెక్కతో మనిషైతే ఎలాగోలా నెట్టుకొస్తాడు. గద్ద ఎగరలేదు.

నొప్పి దగ్గర కూడా పక్షులు మనల్ని మోసం చేస్తాయి. అడవిలో బాధ బయటపెట్టిన జీవి ఇంకోదానికి ఆహారమైపోతుంది. అందుకే అవి చివరిదాకా మామూలుగానే కనపడాలని చూస్తాయి. అరవడం లేదు కదా అనో, మాంసం ముక్క పెడితే తింది కదా అనో బాధ లేదనుకోవడానికి వీల్లేదు. ఒంటికాలి మీద బరువు మార్చుకోవడం, కళ్లు సగం మూసి ఈకలు ఉబ్బించుకుని కూర్చోవడం, ఒకేచోటును ముక్కుతో పొడుచుకోవడం... అనుభవమున్న కళ్లకు కనిపించేవి ఇవే.

ఏ పక్షి అన్నదే అసలు లెక్క

ఒకే గాయం ఒక పక్షికి చిన్న లోపం, ఇంకో పక్షికి మరణశాసనం. కాలి వేళ్లు ఊడిపోయి మొండి పాదాలతో గెంతే పావురాల్ని మనం రైల్వేస్టేషన్లలో, గుడి ఆవరణల్లో రోజూ చూస్తాం. దారాలు, వెంట్రుకలు చుట్టుకుని పోయిన వేళ్లవి. అవి బతుకుతున్నాయి, జంట కడుతున్నాయి, గుడ్లు పెడుతున్నాయి. అదే ఒక డేగకు పాదం పోయిందనుకోండి. వేటాడేది ఆ పాదంతోనే. పంజరంలో పెట్టి మేపుదామన్నా చిక్కే. ఉన్న ఒక్క కాలి మీదే బరువంతా మోసి మోసి అరికాలు ఒరుసుకుపోతుంది, పుండు పడుతుంది, చీము ఎముకదాకా పోతుంది. మన కళ్ల ముందు తింటూ, మన కళ్ల ముందే కుళ్లుతుంది.

స్విఫ్ట్ అని ఒక చిన్న పిట్ట ఉంది. పాత కోటల్లో, వంతెనల కింద గుంపులుగా గూళ్లు కట్టుకుని సాయంత్రాలు ఆకాశంలో గిరగిరా తిరుగుతుంది. అది కొమ్మ మీద వాలలేదు. తిండి, నీళ్లు, చివరికి నిద్ర కూడా చాలావరకు గాల్లోనే. దానికి ఎగరడం అన్నది ప్రయాణం కాదు, బతుకే. రెక్క కొంచెం వంకర పోయినా దానికిక ఏ పంజరమూ ఇల్లు కాలేదు. గుడ్లగూబ సంగతి చూడండి. ఒక కన్ను పోయినా ఆశ వదులుకోనక్కర్లేదు, కొన్ని జాతులు చిమ్మచీకట్లో చెవులతోనే ఎలుక జాడ కనిపెట్టగలవు. కనుక డాక్టర్ కన్నుతో పాటు చెవినీ పరీక్షిస్తాడు. పాలపిట్టలా వాలి చూసి పట్టేదానికి రెండు కళ్లూ ఎంత అవసరమో, గింజలేరుకునే పావురానికి అంత అవసరం లేదు.

ఇంకో లెక్క కూడా ఉంది... ఆ జాతి ఎన్ని మిగిలి ఉన్నాయి అన్నది. 1990ల నుంచి తెల్లవీపు రాబందులు నూటికి 99 వంతులకు పైగా పోయాయి. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందే దానికి ముఖ్యకారణమని తేలింది. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే జాతి అది. హర్యానాలోని పింజోర్‌లోనూ, మన నెహ్రూ జూ పార్కులోనూ వాటిని పెంచి పిల్లల్ని చేయించే కేంద్రాలున్నాయి. ఎగరలేని రాబందైనా జతకట్టగలిగితే దాని ప్రాణానికి విలువ అమాంతం పెరిగిపోతుంది. 2000 జూన్‌లో దక్షిణాఫ్రికా తీరంలో 'ట్రెజర్' అనే ఓడ మునిగి చమురు ఒలికినప్పుడు దాదాపు 19 వేల ఆఫ్రికన్ పెంగ్విన్లను ఒక్కొక్కదాన్నే కడిగి బతికించారు. అంత ఖర్చుకూ శ్రమకూ ఒక కారణం, అసలే ఆ జాతి తగ్గిపోతూ ఉండటం. నల్ల గద్దలకూ పావురాలకూ ఆ అదృష్టం లేదు. వాటి విషయంలో తేల్చుకోవాల్సింది ఆ ఒక్క పక్షి బతుకు ఎలా ఉంటుందన్నదే.

పంజరంలో ఉంచితే పోదా?

అందరూ అడిగే మాట ఇది. ఎగరకపోతే పోనీ, కడుపునిండా తిండిపెట్టి చూసుకోవచ్చు కదా?

కొన్నిటిని చూసుకోవచ్చు. గుంపుగా ఉండే పక్షులు, మనిషి అలికిడికి కొంత అలవాటుపడ్డవి, తోటి పక్షులుంటే కుదురుకుంటాయి. ఢిల్లీలో నదీమ్ షెహ్‌జాద్, మొహమ్మద్ సౌద్ అనే అన్నదమ్ములు దెబ్బతిన్న గద్దలకు సేవ చేస్తూ ఏళ్లు గడిపేశారు. వాళ్ల మీద శౌనక్ సేన్ తీసిన 'ఆల్ దట్ బ్రీత్స్' డాక్యుమెంటరీ 2022లో సన్‌డాన్స్, కాన్ పండగల్లో బహుమతులు గెలిచి ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. వాళ్లు ఈ పనిలోకి రావడానికి కారణం కూడా ఆలోచించదగ్గదే. మాంసం తినే పక్షి అని గద్దను చేర్చుకునేచోటు దొరక్కపోవడం!

ఎర్రకోట ఎదురుగా, చాందినీ చౌక్ మొదట్లో ఉన్న దిగంబర జైన మందిరంలో పక్షుల ఆసుపత్రి ఉంది. దశాబ్దాలుగా పైసా తీసుకోకుండా పావురాలకూ చిలుకలకూ వైద్యం చేస్తున్నారు. లోపల పడకలు శాకాహార పక్షులకే, మాంసాహారులు వస్తే మందు వేసి పంపించేస్తారు. ఎవరు ఏం తింటారన్నది పక్కనపెడితే, నయంకాని పక్షిని కూడా దాని ఆయువు తీరేదాకా చూసుకోవాలన్నది జైనుల సంప్రదాయం. దాన్ని తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. వాళ్లు మాటలు చెప్పి ఊరుకోలేదు, గింజలు పోస్తున్నారు, పుండ్లు కడుగుతున్నారు.

అయితే అందరు పక్షులూ పావురాలు కావు. మనిషంటే అడవి పక్షికి వేటగాడే. పొద్దునా సాయంత్రం గిన్నె పట్టుకుని తలుపు తీసే చెయ్యి మనకు ప్రేమగానే కనిపిస్తుంది. దానికి మాత్రం రోజుకు రెండుసార్లు మృత్యువు వచ్చి వెళ్లినట్టుంటుంది. వలకేసి తల బాదుకుంటుంది, ఈకలు విరగ్గొట్టుకుంటుంది, ముక్కు చెక్కుకుపోతుంది. కొన్ని భయంతోనే గుండె ఆగి చచ్చిపోతాయి. పైగా గద్ద జాతి పక్షులు పంజరంలో దశాబ్దానికి పైగా బతకగలవు. పంజరానికి అలవాటుపడని పక్షికి అన్నేళ్లూ ప్రతిరోజూ ఇదే! ఆ పక్షిని బతికించామని మనం సంతోషిస్తుంటాం.

అన్నట్టు, రామాయణంలో ఈ రెండు బతుకులూ ఉన్నాయి. జటాయువు రెక్కలు రావణుడు నరికేస్తే, రాముడు వచ్చేదాకా ప్రాణం నిలుపుకుని, కబురు చెప్పి కన్నుమూస్తాడు. అనంతపురం వైపు వాళ్లు లేపాక్షి పేరుకు చెప్పుకునే కథా అదే, 'లే పక్షీ' అన్నాడట రాముడు. జటాయువు అన్న సంపాతి కథ అంతగా తలుచుకోరు. తమ్ముణ్ని ఎండ నుంచి కాపాడబోయి రెక్కలు కాల్చుకున్న సంపాతి కొండ మీద ఏళ్ల తరబడి ఎగరలేకుండా పడి ఉంటాడు. కొడుకు సుపార్శ్వుడు తిండి తెచ్చిపెడుతుంటాడు. ఒకరోజు కొడుకు రావడం ఆలస్యమైతే ఆకలితో మండిపడతాడు కూడా. పెద్ద కవి కనుక వాల్మీకి ఆ చిరాకును దాచలేదు. సంపాతికి తిండి తెచ్చేది సొంత కొడుకు, కూర్చున్నది సొంత కొండ, పైగా రెక్కలు మళ్లీ వస్తాయని ఒక ముని మాటిచ్చాడు. మన పంజరంలోని గద్దకు ఈ మూడింటిలో ఏదీ లేదు.

ఆశ్రమంలో దూడ

ఈ వాదం మనకు కొత్తేం కాదు. 1928లో అహ్మదాబాద్‌లోని సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ జబ్బుపడింది. లేవలేదు, పక్కకు ఒత్తిగిల్లలేదు, ముట్టుకుంటే విలవిల్లాడేది. చేయాల్సిన వైద్యమంతా చేశారు. ఇక లాభంలేదని వైద్యుడు తేల్చేశాడు. గాంధీ ఆశ్రమవాసులందరితో చర్చించి, తాను దగ్గరుండి, విషపు ఇంజెక్షన్ ఇప్పించి దాన్ని నిద్రపుచ్చారు. దేశమంతా గగ్గోలు! అహింస అని చెప్పే మనిషి గోవును చంపించడమా అంటూ తిట్లతో ఉత్తరాలు వచ్చిపడ్డాయి. ఆయన దాచిపెట్టలేదు, 'యంగ్ ఇండియా'లో తానే రాశారు.

అప్పుడు ఆశ్రమంలోనే ఒకరు లేవదీసిన అభ్యంతరం ఇప్పటికీ వినపడుతుంది. ప్రాణం పోయలేనివాడికి ప్రాణం తీసే హక్కెక్కడిది? గాంధీ జవాబు సూటిగా ఉంది. స్వార్థం కోసం ప్రాణం తీసేచోట ఆ మాట వర్తిస్తుంది, ఇక్కడ అది అతకదు అన్నారు. రోగి బాగుకోసం కత్తి పట్టే శస్త్రవైద్యుడు హింస చేసినట్టు కాదు కదా అన్నారు. అదే వ్యాసంలో ఆయన కోతుల విషయం కూడా ఎత్తారు. ఆశ్రమంలో పంటలు పాడుచేసే కోతుల్ని చంపాల్సివస్తే మాత్రం అది హింసే అవుతుందని ఒప్పుకున్నారు. ఎందుకంటే అది కోతి మేలుకోసం కాదు, మన మేలుకోసం.

పక్షుల కేంద్రాల్లో పనిచేసేవాళ్లు గోడమీద రాసిపెట్టుకోవాల్సింది ఈ తేడానే. జనవరి వస్తే పంజరాలన్నీ నిండిపోతాయి, చేతులు చాలవు, మందులకు డబ్బు చాలదు. రెండు నెలలు కట్లు మార్చాల్సిన గద్దకూ, ఇంజెక్షన్‌కూ మధ్య ఎంచుకోమంటే అలసిపోయిన మనసు దేనివైపు మొగ్గుతుందో ఊహించొచ్చు. చోటు లేదని చంపితే అది కోతి లెక్కలోకి వస్తుంది, దూడ లెక్కలోకి రాదు. దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. చంపితే పాపం మూటగట్టుకుంటామేమో, నలుగురూ ఏమంటారో అని, నయంకాని పక్షిని నెల్లాళ్లు మూలన పెట్టి అది తనంతట తానే పోయేదాకా చూడటం. అదీ మన మేలుకోసమే, పక్షి కోసం కాదు. మన దగ్గర ఎక్కువగా జరిగేది ఈ రెండోదే. దీన్ని ఎవరూ తప్పుగా లెక్కగట్టరు కనుక ఇది సాగిపోతూ ఉంటుంది.

ఆ అహ్మదాబాద్‌లోనే ఉత్తరాయణ్ పతంగుల పండగ దేశంలోకెల్లా పెద్దది. 2017 నుంచి గుజరాత్ ప్రభుత్వం ఏటా జనవరిలో 'కరుణా అభియాన్' పేరుతో పక్షుల కోసం ప్రత్యేక శిబిరాలు పెడుతోంది. గాయపడ్డ పక్షిని ఎంత త్వరగా బల్ల మీదికి చేరిస్తే అంత మంచిదన్న సంగతి దానివల్ల బాగా జనంలోకి వెళ్లింది.

రాసిపెట్టిన గీత

అమెరికాలో ఈ నిర్ణయాన్ని డాక్టర్ మనసుకే వదిలేయలేదు. అక్కడి కేంద్ర వన్యప్రాణి శాఖ 2003లో తెచ్చిన నిబంధనల ప్రకారం, అడవి పక్షులకు చికిత్స చేసే లైసెన్సు ఉన్నవాళ్లు కొన్ని పక్షులకు కారుణ్య మరణం ఇచ్చి తీరాలి. రెండు కళ్లూ పూర్తిగా పోయినవి. కాలో, పాదమో, మోచేయి దగ్గరో దానికి పైనో రెక్కో తీసేయాల్సినవి. తనంతట తాను తినలేక, నిటారుగా వాలలేక, ఇంకా గాయపడకుండా కదల్లేక, ఏ వైద్యంతోనూ ఆ స్థితి మారనివి. చికిత్సకు కూడా 180 రోజుల గడువు పెట్టారు. మినహాయింపు కావాలంటే, పక్షి బాధపడకుండా ఎందుకు బతకగలదో పశువైద్యుడు రాసివ్వాలి, దాన్ని జీవితాంతం చూసుకుంటామని ఓ సంస్థ ఒప్పుకోవాలి, ప్రభుత్వం అనుమతించాలి.

వినడానికి కఠినంగా ఉంది. కొన్ని సందర్భాల్లో మరీ మొండిగా కూడా ఉండొచ్చు. కానీ ఒక మేలుంది. తెల్లారి లేచి అద్దంలో మొహం చూసుకోవాల్సిన మనిషి మీద మొత్తం బరువు పడదు. ఎవరి పక్షి ఎవరికి ముద్దొచ్చింది, ఎవరు ఏడ్చారు అన్నదాన్ని బట్టి నిర్ణయం మారదు.

మన చట్టంలోనూ దారి లేకపోలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, కోలుకోలేనంతగా అంగవైకల్యమో జబ్బో వచ్చిన మొదటి షెడ్యూలు జీవుల విషయంలో రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి కారణాలు చూపి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం (1960) 13వ సెక్షన్‌లో, బతికించి ఉంచడమే క్రూరత్వం అయ్యే స్థితి ఉంటుందని స్పష్టంగా ఒప్పుకున్నారు. అయితే కాగితం మీది దారి వేరు, ఆదివారం రాత్రి తొమ్మిదింటికి రెక్క ఊడి వేలాడుతున్న గద్ద బల్ల మీద ఉన్నప్పటి దారి వేరు. అధికారి సంతకం కోసం ఆగే ప్రతి గంటా పక్షి ఒంటి మీద గడుస్తుంది. ఏ గాయాలకు ఏం చెయ్యాలో ముందే పండగకు ముందు కూర్చుని, అటవీశాఖ, పశువైద్యులు, కేంద్రాలవాళ్లు ఒక పట్టిక రాసుకుని అనుమతులు తెచ్చిపెట్టుకుంటే ఆ గంటలు మిగులుతాయి.

ఇచ్చే పద్ధతికీ పట్టింపులున్నాయి. ముందు మత్తు గ్యాస్ పట్టి పూర్తిగా స్పృహ పోయాక, ఎక్కువ మోతాదులో మత్తుమందు ఎక్కిస్తారు. నీళ్లలో ముంచడం, ఫ్రిజ్‌లో పెట్టడం లాంటివి దయ ముసుగు వేసుకున్న క్రూరత్వమే. తర్వాత కళేబరాన్ని చెత్తకుప్పలో పడేయకూడదు. ఆ మందు మాంసంలో మిగిలే ఉంటుంది. అలాంటి కళేబరాలు తిని అమెరికాలో గరుడ పక్షులు చచ్చిపోయిన సంఘటనలున్నాయి. అందుకే కాల్చేయాలి, లేదా కుక్కలు తవ్వనంత లోతున పాతిపెట్టాలి.

అట్టపెట్టె తెచ్చిన ఇల్లు

కేంద్రాల్లో పనిచేసేవాళ్లను నిజంగా కుంగదీసేది ఇంజెక్షన్ కాదంటారు. మర్నాడు వచ్చే ఫోన్. 'అంకుల్, మా గద్ద ఎగిరిపోయిందా?' అవతల ఏడేళ్ల పిల్ల. పెట్టెకు చిల్లులు పెట్టిందీ, ఒక పేరు కూడా పెట్టిందీ తనే. ఎగిరిపోయిందని చెప్పేస్తే అయిపోతుంది. చాలామంది అలాగే చెప్తారు, ఆ పిల్ల తల్లిదండ్రులు కూడా అలాగే చెప్పమని కోరతారు.

నిజం చెప్పడమే మంచిది. రెక్క కీలు విరిగిందనీ, నొప్పి చాలా ఎక్కువగా ఉందనీ, నొప్పి లేకుండా నిద్రపుచ్చారనీ చెబితే పిల్లలు ఏడుస్తారు, కాసేపు మాట్లాడరు. ఆ తర్వాత అడిగే ప్రశ్న మాత్రం సరైనదే అడుగుతారు... 'ఆ దారం ఎవరిది?' ఎగిరిపోయిందని చెప్పిన ఇంట్లో ఆ ప్రశ్న పుట్టదు. వచ్చే సంక్రాంతికి అదే మాంజా చుట్ట మళ్లీ మిద్దె ఎక్కుతుంది. నూలుదారం కొనండి అని వంద ప్రకటనలు చెప్పలేనిది అట్టపెట్టె మోసిన పిల్ల ఇంట్లో చెప్పగలదు. పండగ అయ్యాక కాలనీలో చెట్లకూ తీగలకూ చిక్కుకున్న దారాలు ఏరించే పని కూడా అలాంటి పిల్లలే మొదలుపెడతారు. కరెంటు తీగల జోలికి మాత్రం పోకూడదు, వాటికి విద్యుత్ సిబ్బందిని పిలవాల్సిందే.

ఇక పక్షి దొరికితే ఏం చెయ్యాలంటారా? చుట్టుకున్న దారాన్ని లాగొద్దు. ఒంటికి దూరంగా కత్తిరించి, మిగిలింది అలాగే ఉంచండి, డాక్టర్ చూసుకుంటాడు. దాని మీద మెల్లగా ఒక గుడ్డ కప్పి, గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి మూత వేయండి. చీకటే దానికి పెద్ద మందు. నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరి దారిలోకి పోతాయి. అన్నం, పాలు అసలొద్దు. ఇంట్లో ఉంచుకుని పెంచుదామనుకోవద్దు, అడవి పక్షిని ఇంట్లో ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు. అటవీశాఖకో, దగ్గర్లోని జంతు సంరక్షణ కేంద్రానికో అదేరోజు చేర్చండి. పెట్టె మీద తేదీ, వేళ, పక్షి దొరికిన వీధి పేరు, వీలైతే చెట్టు గుర్తు కూడా రాయండి. కోలుకుంటే దాన్ని మళ్లీ వదలాల్సింది అక్కడే, దాని జత ఉండేది ఆ చుట్టుపక్కలే.